నెట్‌వర్క్ పోయిన వీఎంలు: ప్యాకెట్ ఎక్కడ ఆగిందో వెతికిన డైరీ

సెటప్, మొదటి స్థితి

హోస్టు ఒక్కటే. లినక్స్, దాని మీద వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపే కేవీఎం, వాటిని నిర్వహించే లిబ్‌విర్ట్. అదే హోస్టు మీద డాకర్ కంటైనర్లు కూడా నడుస్తాయి. ఈ సంగతి ముందే రాసిపెట్టుకోవాలి, గొడవలో సగం దీంతోనే ముడిపడి ఉంది. ఫిజికల్ నెట్‌వర్క్ కార్డు ఈఎన్‌ఓ1. దాన్ని బీఆర్0 అనే బ్రిడ్జికి (హోస్టు లోపలి సాఫ్ట్‌వేర్ స్విచ్) పోర్టుగా కలిపాం, హోస్టు ఐపీ అడ్రస్ బ్రిడ్జి మీద ఉంది. కార్డు మీద ఐపీ ఏమీ లేదు. కార్డుకూ బ్రిడ్జికీ రెండింటికీ అడ్రస్ ఇచ్చే అలవాటు కొందరికి ఉంది. అప్పుడు రూట్లు రెండై, జవాబులు ఏ దారిన పోతాయో చెప్పలేం.

గెస్టులు, అంటే హోస్టు మీద నడిచే వీఎంలు, మూడు. 'వెబ్' లిబ్‌విర్ట్ డిఫాల్ట్ న్యాట్ నెట్‌వర్క్‌లో (గెస్టు అడ్రస్‌ను హోస్టు అడ్రస్‌గా మార్చి బయటికి పంపేది) ఉంది: విర్‌బీఆర్0 బ్రిడ్జి, 192.168.122.0/24, గేట్‌వే 192.168.122.1, డీహెచ్‌సీపీ పద్ధతిలో అడ్రస్‌లు పంచేది డీఎన్‌ఎస్‌మాస్క్. 'డీబీ' నేరుగా బీఆర్0 మీద స్టాటిక్ ఐపీతో ఉంది. 'టెస్ట్' వెబ్ నుంచి క్లోన్ చేసింది, అదీ న్యాట్‌లోనే.

హోస్టులో ప్యాకేజీలన్నీ అప్‌డేట్ చేసి రీబూట్ చేశారు. అదే మెయింటెనెన్స్‌లో డీబీ మెషీన్ టైపును (వీఎంకు కనిపించే మదర్‌బోర్డు నమూనా) ఐ440ఎఫ్ఎక్స్ నుంచి క్యూ35కి మార్చారు. ఆ తర్వాత మూడు గెస్టులకూ ఎస్‌ఎస్‌హెచ్ కలవడం లేదు. లక్షణం మూడింటికీ ఒకటే కాబట్టి కారణమూ ఒకటే అనిపిస్తుంది. చివరికి తేలిన కారణాలు వేరువేరు, వాటిలో రెండు మాత్రం ఒకదాన్నొకటి తోసుకున్నవి.

ఈ పనికి పెట్టుకున్న నియమం: ప్యాకెట్ ఏ రెండు చోట్ల మధ్య మాయమవుతోందో కళ్లారా చూసేదాకా ఏ సెట్టింగూ మార్చకూడదు. నెట్‌వర్క్ పోగానే ఫైర్‌వాల్ మొత్తం ఫ్లష్ చేయడం, నెట్‌వర్క్ కార్డు మోడల్ మార్చడం, గెస్టును మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం చాలామంది చేసే పని. అలా చేస్తే ఒకవేళ బాగుపడినా, ఎందుకు బాగుపడిందో తెలియదు. తర్వాతి రీబూట్‌కి మళ్లీ అదే కథ.

నెట్‌వర్క్ లేని గెస్టులోకి వెళ్లడం

సీరియల్ కన్సోల్ ఉంటే 'వర్ష్ కన్సోల్ వెబ్' (వర్ష్ అంటే లిబ్‌విర్ట్ కమాండ్ లైన్ పనిముట్టు). బయటికి రావడానికి కంట్రోల్, కుడి స్క్వేర్ బ్రాకెట్ కలిపి నొక్కాలి. గెస్టు కెర్నెల్ పారామీటర్లలో 'కన్సోల్=టీటీవైఎస్0' లేకపోతే బూట్ మెసేజ్‌లు రావు. సీరియల్ గెట్టీ నడవకపోతే లాగిన్ ప్రాంప్ట్ రాదు. అప్పుడు వీఎన్‌సీ గ్రాఫికల్ కన్సోలే దిక్కు. అది కూడా హోస్టు ద్వారా వస్తుంది కాబట్టి గెస్టు నెట్‌వర్క్‌తో సంబంధం లేదు.

గెస్టులో క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్ నడుస్తుంటే లోపలికి వెళ్లకుండానే అడ్రస్ తెలుస్తుంది: 'వర్ష్ డొమిఫ్ఎడ్డర్ వెబ్ --సోర్స్ ఏజెంట్'. ఏజెంట్ మాట్లాడేది వర్ట్ఐఓ సీరియల్ చానల్ ద్వారా, నెట్‌వర్క్ పోయినా అది పనిచేస్తుంది. '--సోర్స్ లీజ్' అంటే డీఎన్‌ఎస్‌మాస్క్ ఇచ్చానని రాసుకున్నది కనిపిస్తుంది. ఈ రెండు జవాబులూ వేరుగా ఉంటే అదే ఒక ఆధారం. వీఎంలు పెట్టేటప్పుడే ఏజెంట్, సీరియల్ కన్సోల్ రెండూ సిద్ధం చేసి ఉంచడం మేలు. నెట్‌వర్క్ పోయాక ఏజెంట్‌ను ఇన్‌స్టాల్ చేద్దామంటే ప్యాకేజీ దించుకోవడానికి దారి ఉండదు.

ప్యాకెట్‌ను పట్టుకునే చోట్లు

న్యాట్ గెస్టు నుంచి బయటికి పోయే ప్యాకెట్ దారి ఇది: గెస్టులోని ఈఎన్‌పీ1ఎస్0, హోస్టులో దాని అవతలి కొస అయిన వీనెట్2 అనే ట్యాప్, విర్‌బీఆర్0, కెర్నెల్ ఫార్వార్డింగ్, అడ్రస్ మార్పిడి, బీఆర్0, ఈఎన్‌ఓ1. ఏ గెస్టుకు ఏ ట్యాప్ అన్నది 'వర్ష్ డొమిఫ్‌లిస్ట్ వెబ్' చెబుతుంది. నంబర్లు గెస్టు స్టార్ట్ అయినప్పుడల్లా మారొచ్చు, పాత నోట్సు చూసి నమ్మొద్దు.

గెస్టులో 'పింగ్ 8.8.8.8' వదిలేసి, హోస్టులో ఒక్కో చోట 'టీసీపీడంప్ -ఎన్ -ఇ -ఐ వీనెట్2 ఐసీఎంపీ ఆర్ ఏఆర్‌పీ' అన్నట్టు వింటూ పోవాలి. '-ఇ' పెడితే మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డుల సొంత అడ్రస్‌లు) కూడా కనిపిస్తాయి, తర్వాత క్లోన్ విషయంలో అది అక్కరకొచ్చింది. ఇక్కడ ఒక లక్షణం గుర్తుంచుకోవాలి: టీసీపీడంప్ లోపలికి వచ్చే ప్యాకెట్‌ను ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది, బయటికి పోయేదాన్ని ఫైర్‌వాల్ దాటిన తర్వాతే చూస్తుంది. అందుకే విర్‌బీఆర్0 మీద కనిపించి బీఆర్0 మీద కనిపించకపోతే అనుమానం రెండింటి మీదే: రూటింగ్ లేదా ఫైర్‌వాల్.

వెబ్: నెట్‌వర్కే లేదు

వెబ్ అసలు స్టార్ట్ కాలేదు. డిఫాల్ట్ నెట్‌వర్క్ యాక్టివ్‌గా లేదని లిబ్‌విర్ట్ ఎర్రర్ ఇచ్చింది. 'వర్ష్ నెట్-లిస్ట్ --ఆల్' చూస్తే డిఫాల్ట్ ఇనాక్టివ్, ఆటోస్టార్ట్ నో. అంతకుముందు దాకా ఎవరో చేత్తో స్టార్ట్ చేసి వదిలేశారన్నమాట. రీబూట్ అయ్యేవరకు ఆ లోటు బయటపడదు.

'వర్ష్ నెట్-స్టార్ట్ డిఫాల్ట్', 'వర్ష్ నెట్-ఆటోస్టార్ట్ డిఫాల్ట్'. వెబ్ లేచింది. గెస్టులో 'ఐపీ లింక్ షో' అంటే లోయర్_అప్ ఉంది, అంటే వర్చువల్ కేబుల్ తగిలించే ఉంది. అక్కడ నో-క్యారియర్ అని ఉంటే 'వర్ష్ డొమిఫ్-గెట్‌లింక్' చూడాలి, లింకును ఎవరైనా డౌన్ చేసి ఉండొచ్చు. 'ఐపీ ఎడ్డర్' చూస్తే 192.168.122.57 వచ్చింది. అడ్రస్ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ జవాబు రాలేదని అర్థం. ఇక్కడ వచ్చింది.

గేట్‌వేకు పింగ్ పోతోంది. 8.8.8.8కి పోవడం లేదు. 'ఐపీ రూట్ గెట్ 8.8.8.8' సరైన గేట్‌వేనే చూపిస్తోంది. 'ఐపీ నెయ్' లో గేట్‌వే రీచబుల్. గెస్టు తన పని తాను సరిగ్గా చేస్తోంది, ఇక లోపల వెతకడం దండగ.

హోస్టులో: వీనెట్2 మీద ఎకో రిక్వెస్టులు (పింగ్ పంపే ప్యాకెట్లు) కనిపించాయి. విర్‌బీఆర్0 మీదా కనిపించాయి. బీఆర్0 మీద ఒక్కటీ లేదు. 'సిస్‌సీటీఎల్ నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్' విలువ 1. కాబట్టి ఫైర్‌వాల్.

డాకర్, లిబ్‌విర్ట్ మధ్య చిక్కుముడి

ఈ డైరీలో అసలు విషయం ఇదే, కాస్త నిదానంగా రాస్తున్నాం.

'ఐపీటేబుల్స్ -ఎల్ ఫార్వర్డ్ -వి -ఎన్' చూస్తే ఫార్వర్డ్ చైన్ (హోస్టు గుండా దాటే ప్యాకెట్లకు ఫైర్‌వాల్ పెట్టే రూల్స్ వరస) పాలసీ డ్రాప్, అంటే ఏ రూల్‌కూ తగలని ప్యాకెట్‌ను పారేయడం. దాని పక్కన ప్యాకెట్ కౌంటర్ గెస్టులో పింగ్ నడుస్తున్నంతసేపూ సెకనుకొకటి చొప్పున పెరుగుతోంది. పింగ్ ఆపితే కౌంటర్ ఆగింది. ప్యాకెట్‌ను పారేస్తున్నది ఎవరో తేలింది. ఆ పాలసీ ఎవరు పెట్టారు, పాతరోజుల్లో ఎందుకు అడ్డురాలేదు అన్నవి మిగిలిన ప్రశ్నలు.

పాలసీ పెట్టింది డాకర్. 1.13 వెర్షన్ నుంచి డాకర్ ఈ పని చేస్తోంది. కానీ ప్రతిసారీ చేయదు. డాకర్ లేచేటప్పటికి హోస్టులో ఐపీ ఫార్వార్డింగ్ ఆఫ్‌లో ఉంటే, తానే దాన్ని ఆన్ చేసి, ఆ వెంటనే ఫార్వర్డ్ పాలసీని డ్రాప్‌కి మారుస్తుంది. అప్పటికే ఆన్‌లో ఉంటే పాలసీ జోలికి పోదు. తాను తలుపు తెరిచినప్పుడు ఊరందరికీ తెరిచినట్టు కాకూడదన్నది దాని ఉద్దేశం, అది న్యాయమైనదే.

మరోవైపు లిబ్‌విర్ట్ కూడా న్యాట్ నెట్‌వర్క్ స్టార్ట్ చేసేటప్పుడు ఫార్వార్డింగ్‌ను ఆన్ చేస్తుంది. కాబట్టి బూట్‌లో ఎవరు ముందు లేస్తే ఫలితం అలా ఉంటుంది. డిఫాల్ట్ నెట్‌వర్క్ ముందు లేస్తే పాలసీ యాక్సెప్ట్‌గానే ఉంటుంది. డాకర్ ముందు లేస్తే డ్రాప్. ఇక్కడ డిఫాల్ట్ నెట్‌వర్క్‌కు ఆటోస్టార్ట్ లేదు, కాబట్టి డాకరే ముందు. మొదటి లోపమే రెండోదానికి దారి తీసింది. కొన్ని హోస్టుల్లో ఒక రీబూట్‌కి వీఎంలు పనిచేసి ఇంకో రీబూట్‌కి పనిచేయకపోవడం వెనక ఉండే మర్మం తరచుగా ఈ వరసే.

రెండో ప్రశ్న. డ్రాప్ పాలసీ ఉన్నా పాత లిబ్‌విర్ట్‌లో వీఎంలకు ఇబ్బంది ఉండేది కాదు. అది తన రూల్స్‌ను ఐపీటేబుల్స్‌లోనే, ఫార్వర్డ్ చైన్ మొదట్లోనే, లిబ్‌విర్ట్_ఎఫ్‌డబ్ల్యూఐ, లిబ్‌విర్ట్_ఎఫ్‌డబ్ల్యూఓ అనే సొంత చైన్ల ద్వారా పెట్టేది. అక్కడ యాక్సెప్ట్ అయిన ప్యాకెట్ చివరనున్న పాలసీ దాకా పోదు. లిబ్‌విర్ట్ 10.4 నుంచి, ఐపీటేబుల్స్‌కు వారసుడైన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌తో ఫైర్‌వాల్ రూల్స్ పెట్టే బ్యాకెండ్ వచ్చింది. అది అందుబాటులో ఉంటే మామూలుగా దాన్నే ఎంచుకుంటుంది. అప్పుడు రూల్స్ లిబ్‌విర్ట్_నెట్‌వర్క్ అనే వేరే టేబుల్లో ఉంటాయి. 'ఎన్‌ఎఫ్‌టీ లిస్ట్ టేబుల్స్' లో ఆ పేరు కనిపిస్తే బ్యాకెండ్ మారిందని తెలుసుకోవచ్చు. ఈ హోస్టులో కనిపించింది. అప్‌డేట్‌లో లిబ్‌విర్ట్ వెర్షన్ 10.4ను దాటింది.

టేబుల్ మారితే ఏమవుతుంది? ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ఒక బేస్ చైన్ (ప్యాకెట్ దారిలో కెర్నెల్ ఇచ్చే చోటుకు, అంటే హుక్‌కి, నేరుగా తగిలించిన చైన్) యాక్సెప్ట్ అంటే ఆ చైన్ వరకే యాక్సెప్ట్. అదే హుక్‌కి తగిలించిన మిగతా బేస్ చైన్లు కూడా ఆ ప్యాకెట్‌ను చూస్తాయి. డ్రాప్ అలా కాదు, ఎవరు డ్రాప్ అన్నా అక్కడితో సరి. లిబ్‌విర్ట్ తన టేబుల్లో పొమ్మంది, డాకర్ పాలసీ ఉన్న టేబుల్ వద్దంది. వద్దన్న మాటే నెగ్గింది. లిబ్‌విర్ట్ టేబుల్లో రూల్స్ ఎంత శ్రద్ధగా చదివినా అన్నీ సరిగ్గానే ఉంటాయి, అందుకే ఇది చాలామందిని తిప్పలు పెడుతుంది.

దిద్దుబాటుకు దారులు ఇవి.

మొదటిది, లిబ్‌విర్ట్‌ను పాత పద్ధతికి తిప్పడం. ఈటీసీ కింద లిబ్‌విర్ట్ డైరెక్టరీలోని నెట్‌వర్క్.కాన్ఫ్ ఫైల్లో 'ఫైర్‌వాల్_బ్యాకెండ్ = "ఐపీటేబుల్స్"' అని పెట్టి, డీమన్‌ను రీస్టార్ట్ చేయాలి. కొన్ని సిస్టమ్‌లలో ఆ డీమన్ పేరు వర్ట్‌నెట్‌వర్క్‌డీ, కొన్నింటిలో ఇంకా లిబ్‌విర్ట్‌డీ. 'సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-యూనిట్స్' లో ఏది నడుస్తుందో చూసి చేయాలి.

రెండోది, డాకర్-యూజర్ చైన్లో రూల్స్. డాకర్ తన చైన్లను తిరగరాసినా దీన్ని మాత్రం తాకదు, ఇది మన కోసమే ఉంచింది:

'ఐపీటేబుల్స్ -ఐ డాకర్-యూజర్ -ఐ విర్‌బీఆర్0 -జె యాక్సెప్ట్'
'ఐపీటేబుల్స్ -ఐ డాకర్-యూజర్ -ఓ విర్‌బీఆర్0 -ఎం కాన్‌ట్రాక్ --సీటీస్టేట్ రిలేటెడ్,ఎస్టాబ్లిష్డ్ -జె యాక్సెప్ట్'

మొదటి '-ఐ' పెద్దక్షరం, అంటే ఇన్సర్ట్. ఇంటర్‌ఫేస్‌కు వాడే రెండోది చిన్నక్షరం. రెండో రూల్ మరిస్తే రిక్వెస్టులు పోతాయి, జవాబులు డ్రాప్ అవుతాయి.

మూడోది, సిస్‌సీటీఎల్ ఫైల్లో ఐపీ ఫార్వార్డింగ్‌ను బూట్‌లోనే 1 చేసేయడం. అప్పుడు డాకర్ పాలసీని ముట్టుకోదు. పని జరుగుతుంది గానీ, ఈ దారి మంచిది కాదు: ఫార్వర్డ్ పాలసీ యాక్సెప్ట్‌గా ఉండిపోతే, వేరే ఫైర్‌వాల్ లేని హోస్టు ఎవరి ప్యాకెట్‌నైనా అటూ ఇటూ దాటించే రూటర్ అవుతుంది.

మొదటి దారి పట్టాం. ఒక్క లైను, రీబూట్‌కి నిలుస్తుంది, డాకర్ ఉద్దేశించిన రక్షణా పోదు. డీమన్ రీస్టార్ట్ కాగానే బీఆర్0 మీద ఎకో రిక్వెస్టులు కనిపించాయి, సోర్స్ అడ్రస్ హోస్టు ఐపీకి మారి ఉంది. జవాబులూ వచ్చాయి.

టెస్ట్: ఒకే అడ్రస్, ఇద్దరు హక్కుదారులు

వెబ్ కాసేపు బాగుంటుంది, టెస్ట్ స్టార్ట్ కాగానే వెబ్ ఎస్‌ఎస్‌హెచ్ సెషన్లు తెగుతాయి. హోస్టులో 'ఆర్‌పింగ్ -ఐ విర్‌బీఆర్0 192.168.122.57' అంటే రెండు వేర్వేరు మ్యాక్ అడ్రస్‌ల నుంచి జవాబులు వచ్చాయి. రెండూ 52:54:00తో మొదలైనవే, అంటే రెండూ ఇక్కడి గెస్టులే.

వర్ట్-క్లోన్ కొత్త మ్యాక్ ఇస్తుంది, ఇచ్చింది కూడా. మరి ఒకే ఐపీ ఎందుకు? 'వర్ష్ నెట్-డీహెచ్‌సీపీ-లీజెస్ డిఫాల్ట్' లో చివరి కాలమ్ క్లయింట్ ఐడీ. రెండు గెస్టులూ పంపిన ఐడీ ఒకటే. సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ డీహెచ్‌సీపీకి గుర్తింపుగా మ్యాక్‌ను కాకుండా మెషీన్-ఐడీ (ప్రతి ఇన్‌స్టలేషన్‌కూ వేరుగా ఉండాల్సిన గుర్తింపు) నుంచి, ఇంటర్‌ఫేస్ పేరు నుంచి తయారైన ఐడీని పంపుతుంది. క్లోన్‌లో రెండూ మూలంలో ఉన్నవే. డీఎన్‌ఎస్‌మాస్క్ దృష్టిలో అది పాత క్లయింటే మళ్లీ వచ్చినట్టు, కాబట్టి పాత అడ్రసే ఇస్తుంది. దానిది తప్పేమీ లేదు.

టెస్ట్ కన్సోల్‌లో 'ట్రంకేట్ -ఎస్ 0' తో ఈటీసీలోని మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేసి రీబూట్ చేస్తే కొత్త ఐడీ పుడుతుంది. ఫైలును తీసేయకూడదు, ఖాళీగా ఉంచాలి. వార్ కింద డీబస్ డైరెక్టరీలో ఇంకో మెషీన్-ఐడీ ఉంటుంది. అది మొదటిదానికి లింకు అయితే సరే, విడి ఫైలైతే దాన్ని తీసేసి లింకు పెట్టాలి. నెట్‌ప్లాన్ (నెట్‌వర్క్ సెట్టింగులు రాసే పనిముట్టు) వాడే గెస్టుల్లో 'డీహెచ్‌సీపీ-ఐడెంటిఫైయర్: మ్యాక్' అని పెట్టినా అడ్రస్ గొడవ తీరుతుంది, కానీ అది లక్షణాన్ని తగ్గించడమే. మెషీన్-ఐడీ ఒకటే అయితే లాగుల్లోనూ ఇతర చోట్లా తికమక మిగులుతుంది.

క్లోన్ చేసేముందు మూల గెస్టును ఆపి, దాని కాపీ మీద వర్ట్-సిస్‌ప్రెప్ నడిపితే మెషీన్-ఐడీ, ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు, పాత లీజులు అన్నీ శుభ్రమవుతాయి. నడుస్తున్న గెస్టు డిస్కు మీద మాత్రం దాన్ని ప్రయోగించొద్దు, ఫైల్‌సిస్టమ్ పాడవుతుంది.

రేంజి మార్చాక తెగిన ట్యాపులు

వెబ్, టెస్ట్‌లకు స్థిరమైన అడ్రస్‌లు ఇవ్వడానికి డీహెచ్‌సీపీ రేంజిని 100-254 మధ్యకు కుదించి, కింది భాగాన్ని రిజర్వేషన్లకు ఉంచాం. 'వర్ష్ నెట్-ఎడిట్ డిఫాల్ట్' తో చేసిన మార్పు నెట్‌వర్క్ మళ్లీ స్టార్ట్ అయితేనే అమల్లోకి వస్తుంది, కాబట్టి 'నెట్-డెస్ట్రాయ్', 'నెట్-స్టార్ట్'. ఆ వెంటనే నడుస్తున్న గెస్టులు రెండూ మూగబోయాయి.

ఇది ఊహించిందే. డెస్ట్రాయ్ అంటే విర్‌బీఆర్0 తీసేస్తుంది. స్టార్ట్ అంటే అదే పేరుతో కొత్త బ్రిడ్జి పుడుతుంది. పాత బ్రిడ్జి పోవడంతో ట్యాపులు ఒంటరివవుతాయి, కొత్తదానికి వాటంతట అవి అతుక్కోవు. ఆనవాళ్లు: గెస్టులో లింకు అప్ అనే కనిపిస్తుంది, హోస్టులో విర్‌బీఆర్0 మాత్రం నో-క్యారియర్. వీనెట్2 మీద డీహెచ్‌సీపీ రిక్వెస్టులు పోర్టు 67కి వస్తూంటాయి, విర్‌బీఆర్0 మీద నిశ్శబ్దం. 'బ్రిడ్జ్ లింక్' జాబితాలో ఆ ట్యాపు విర్‌బీఆర్0 కింద ఉండదు.

గెస్టును రీబూట్ చేయక్కర్లేదు. 'ఐపీ లింక్ సెట్ వీనెట్2 మాస్టర్ విర్‌బీఆర్0' అంటే చాలు, ప్రతి ట్యాపుకూ విడిగా. గెస్టు లోపలి నుంచి రీబూట్ చేసినా ట్యాపు అదే ఉంటుంది, కాబట్టి అది పనిచేయదు కూడా. పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తేనే కొత్త ట్యాపు వస్తుంది.

ఒక్క రిజర్వేషన్ కలపడానికి అయితే ఇంత అక్కర్లేదు. 'వర్ష్ నెట్-అప్‌డేట్ డిఫాల్ట్ యాడ్ ఐపీ-డీహెచ్‌సీపీ-హోస్ట్' తో మ్యాక్, ఐపీ ఉన్న ఎక్స్‌ఎంఎల్ ముక్క ఇచ్చి, చివర '--లైవ్ --కాన్ఫిగ్' రెండూ పెట్టాలి. లైవ్ ఒక్కటే పెడితే నెట్‌వర్క్ రీస్టార్ట్ కాగానే మార్పు చెరిగిపోతుంది, కాన్ఫిగ్ ఒక్కటే పెడితే ఇప్పుడు పనిచేయదు.

డీబీ: పేరు మారిన కార్డు

డీబీలో 'ఐపీ లింక్' చూస్తే ఉన్న కార్డు ఈఎన్‌పీ1ఎస్0, అది డౌన్. నెట్‌ప్లాన్ ఫైల్లో రాసి ఉన్నది ఈఎన్‌ఎస్3. పేరు పీసీఐ స్థానం నుంచి పుడుతుంది. క్యూ35లో కార్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ పోర్టు వెనక్కి పోయింది, స్థానం మారింది, పేరూ మారింది. మెషీన్ టైపు మార్చకపోయినా, కొత్త డిస్క్ కంట్రోలరో ఇంకో కార్డో చేర్చినప్పుడు కూడా ఇలా జరగొచ్చు.

పేరును కొత్తదానికి దిద్దితే ఇప్పటికి సరిపోతుంది. దానికన్నా నెట్‌ప్లాన్‌లో 'మ్యాచ్' కింద మ్యాక్ అడ్రస్ రాసి, 'సెట్-నేమ్' తో మనకు నచ్చిన పేరు ఇవ్వడం గట్టి పని. మ్యాక్ వీఎం ఎక్స్‌ఎంఎల్‌లో స్థిరంగా ఉంటుంది. 'నెట్‌ప్లాన్ ట్రై' తో అమలు చేయాలి, 120 సెకన్లలో ఒప్పుకోకపోతే పాత స్థితికి తిప్పేస్తుంది. క్లౌడ్-ఇనిట్ ఉన్న ఇమేజ్ అయితే దాని నెట్‌వర్క్ కాన్ఫిగ్‌ను డిసేబుల్ చేయకుండా ఈ మార్పు చేస్తే, అది ఫైలును మళ్లీ రాసేయొచ్చు.

కార్డు లేచింది, స్టాటిక్ ఐపీ వచ్చింది, కానీ గేట్‌వేకి కూడా పింగ్ పోదు. ఇక్కడొక వింత: 'ఐపీ నెయ్' లో గేట్‌వే మ్యాక్ కనిపిస్తోంది, రీచబుల్ అని కూడా ఉంది. ఏఆర్‌పీ (ఐపీకి తగిన మ్యాక్ అడ్రస్‌ను వెతికే సందేశం) పోతోంది, ఐపీ పోవడం లేదు. బ్రిడ్జి మీదున్న వీఎంలో ఈ జత కనిపిస్తే బీఆర్_నెట్‌ఫిల్టర్‌ను అనుమానించాలి. ఆ కెర్నెల్ మాడ్యూల్ లోడై, 'నెట్.బ్రిడ్జ్.బ్రిడ్జ్-ఎన్ఎఫ్-కాల్-ఐపీటేబుల్స్' విలువ 1 అయితే, బ్రిడ్జిలో ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకు దాటే ఐపీవీ4 ప్యాకెట్లు కూడా ఐపీటేబుల్స్ ఫార్వర్డ్ చైన్‌లోకి పోతాయి. ఏఆర్‌పీ ఐపీ కాదు కాబట్టి తప్పించుకుంటుంది. చైన్ చివర మళ్లీ అదే డ్రాప్ పాలసీ. కంటైనర్లు నడిపే హోస్టుల్లో ఈ మాడ్యూల్ లోడై ఉండటం మామూలే. 'ఎల్ఎస్‌మాడ్' లో చూస్తే తెలుస్తుంది.

బ్యాకెండ్ మార్చినందువల్ల డీబీకి ఒరిగేదేమీ లేదు. బీఆర్0 లిబ్‌విర్ట్ సృష్టించింది కాదు, దానికోసం అది ఏ రూలూ పెట్టదు. కాబట్టి ఇక్కడ డాకర్-యూజర్ చైనే దారి:

'ఐపీటేబుల్స్ -ఐ డాకర్-యూజర్ -ఐ బీఆర్0 -ఓ బీఆర్0 -జె యాక్సెప్ట్'

రాకపోకలు రెండూ బీఆర్0 నుంచి బీఆర్0కే కాబట్టి ఒక్క రూల్ చాలు. సిస్‌సీటీఎల్ విలువను 0 చేయడం ఇంకో పద్ధతి, కానీ డాకర్ కంటైనర్ల మధ్య అడ్డుగోడ కొంత దీని మీదే ఆధారపడుతుంది. పైగా మాడ్యూల్ లోడ్ కాకముందు ఆ కీ అసలు ఉండదు. బూట్‌లో సిస్‌సీటీఎల్ ఫైలు చదివాక మాడ్యూల్ లోడైతే విలువ మళ్లీ 1 అవుతుంది. ఫైల్లో 0 ఉంది, నడుస్తున్నది 1 అని జుట్టు పీక్కునే సందర్భం అది.

ఈ రూల్ రీబూట్‌కి నిలవదు. చిన్న సిస్టమ్‌డీ యూనిట్ రాశాం: 'ఆఫ్టర్=డాకర్.సర్వీస్', 'టైప్=వన్‌షాట్', 'రిమైన్‌ఆఫ్టర్ఎగ్జిట్=యెస్'. కమాండ్‌లో ముందు '-సి' తో రూల్ ఉందా అని చూసి, లేకపోతేనే ఇన్సర్ట్ చేస్తుంది. లేదంటే యూనిట్ రీస్టార్ట్ చేసినప్పుడల్లా అదే రూల్ మళ్లీ చేరుతుంది.

ల్యాప్‌టాప్‌లో వైఫై మీద బ్రిడ్జి కట్టి ఇదే లక్షణం చూసేవాళ్లకు ఒక మాట: అక్కడ కారణం వేరు. మామూలు యాక్సెస్ పాయింట్ తనతో అసోసియేట్ అయిన మ్యాక్ నుంచి వచ్చే ఫ్రేములనే తీసుకుంటుంది, గెస్టు మ్యాక్‌ను పట్టించుకోదు. అక్కడ న్యాట్ వాడటమే సరైన పని.

లాగిన్ అవుతుంది, డౌన్‌లోడ్ ఆగిపోతుంది

అన్నీ పింగ్ అవుతున్నాయి. కానీ వెబ్ నుంచి, హోస్టులోని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్ డబ్ల్యూజీ0 అవతలి సర్వర్లకు హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్లు కలిశాక బిగుసుకుపోతున్నాయి. చిన్న జవాబులు వస్తాయి, పెద్దవి రావు. ఇది ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) గొడవ.

గెస్టులో 'పింగ్ -ఎం డూ -ఎస్ 1392' పోతుంది, 1393 పోదు. 1392కి ఐసీఎంపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిపితే 1420, వైర్‌గార్డ్ మామూలు ఎంటీయూ. టన్నెల్ లేని 1500 దారిలో ఈ లెక్క 1472 దగ్గర తెగుతుంది.

గెస్టు తన ఎంటీయూ 1500 అనుకుని, కనెక్షన్ మొదట్లో ఎంఎస్‌ఎస్ (ఒక టీసీపీ సెగ్మెంట్‌లో పట్టే గరిష్ఠ డేటా) 1460 అని చెబుతుంది. అవతలి సర్వర్ ఆ సైజు సెగ్మెంట్లు పంపుతుంది, అవి టన్నెల్‌లో పట్టవు. తగ్గించమని చెప్పే ఐసీఎంపీ సందేశం దారిలో ఏదో ఫైర్‌వాల్ మింగేస్తే, సర్వర్ అదే పెద్ద సెగ్మెంట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. హోస్టులో ఎంఎస్‌ఎస్ బిగిస్తే గెస్టులేవీ ముట్టుకోకుండా సమస్య పోతుంది:

'ఐపీటేబుల్స్ -టి మ్యాంగిల్ -ఎ ఫార్వర్డ్ -ఓ డబ్ల్యూజీ0 -పి టీసీపీ --టీసీపీ-ఫ్లాగ్స్ సిన్,ఆర్ఎస్‌టీ సిన్ -జె టీసీపీఎంఎస్ఎస్ --క్లాంప్-ఎంఎస్ఎస్-టు-పీఎంటీయూ'

టీసీపీడంప్‌లో సిన్ ప్యాకెట్ చూస్తే విర్‌బీఆర్0 మీద ఎంఎస్‌ఎస్ 1460, డబ్ల్యూజీ0 మీద 1380. రూల్ పనిచేస్తోంది. ఇది టీసీపీకే. యూడీపీ మీద పెద్ద ప్యాకెట్లు పంపే అప్లికేషన్ ఉంటే ఆ గెస్టులోనే ఎంటీయూ 1420 చేయాలి.

పేర్లు దొరకని సమస్య ఇక్కడ రాలేదు. వస్తే చూడాల్సింది కొంచెమే: గెస్టులో 'డిగ్ @192.168.122.1' జవాబిచ్చి మామూలు 'డిగ్' ఇవ్వకపోతే తేడా గెస్టులోని 127.0.0.53 రిజాల్వర్ సెట్టింగుల్లో ఉంది, 'రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్' చూడాలి. మొదటిదే ఇవ్వకపోతే హోస్టు ఇన్‌పుట్ ఫైర్‌వాల్‌లో విర్‌బీఆర్0 మీద పోర్టు 53కి యూడీపీ, టీసీపీ రెండూ తెరిచి ఉన్నాయో లేదో చూడాలి.

రీబూట్ తర్వాత పరీక్ష

హోస్టును రీబూట్ చేసి, ఏదీ చేత్తో స్టార్ట్ చేయకుండా చూశాం. డిఫాల్ట్ నెట్‌వర్క్ దానంతట అదే యాక్టివ్. ఫార్వర్డ్ పాలసీ ఈసారి యాక్సెప్ట్‌గా కనిపించింది, అంటే లిబ్‌విర్ట్ ముందు లేచింది. ఇలా ఉన్నప్పుడు పరీక్ష పాసైనా అది పరీక్ష కాదు. అందుకని 'ఐపీటేబుల్స్ -పి ఫార్వర్డ్ డ్రాప్' అని చేత్తో పెట్టి, మూడు గెస్టుల నుంచి మళ్లీ పింగ్, పేర్ల రిజల్యూషన్, టన్నెల్ అవతల నుంచి పెద్ద ఫైలు డౌన్‌లోడ్ నడిపాం. అన్నీ సరిగ్గా నడిచాయి. వెబ్, టెస్ట్ ప్యాకెట్లు లిబ్‌విర్ట్_ఎఫ్‌డబ్ల్యూఓ చైన్ కౌంటర్‌ను పెంచాయి, డీబీవి డాకర్-యూజర్ రూల్ కౌంటర్‌ను. పాలసీ కౌంటర్ కదల్లేదు.

మ్యాంగిల్ రూల్‌ను వైర్‌గార్డ్ కాన్ఫిగ్‌లోని పోస్ట్‌అప్ లైనుకు మార్చి, పోస్ట్‌డౌన్‌లో తీసేసే జత రూల్ రాశాం. టన్నెల్ లేచినప్పుడే అది ఉంటుంది.

మిగిలింది ఐపీవీ6. బ్రిడ్జి మీద ఐపీవీ6కు వేరే కీ, 'బ్రిడ్జ్-ఎన్ఎఫ్-కాల్-ఐపీ6టేబుల్స్', ఐపీ6టేబుల్స్‌లో వేరే ఫార్వర్డ్ పాలసీ ఉంటాయి. పైన పెట్టిన డాకర్-యూజర్ రూల్ వాటికి వర్తించదు. డీబీకి ఐపీవీ6 అడ్రస్ ఇచ్చేముందు అదే రూల్‌ను ఐపీ6టేబుల్స్‌తో కూడా ఆ యూనిట్‌లో చేర్చాలి.